పాత కారు వైపర్‌కి గ్యాప్ కంట్రోల్: ఒక్క వైరు కోసి పెట్టుకునే పద్ధతి

సన్నటి తుంపర పడుతోంది. వైపర్ స్లోలో పెడితే పొడి అద్దం మీద కిర్రుమని గీకుతుంది. ఆపేస్తే కాసేపటికే అద్దమంతా చుక్కలు. పాత మారుతి 800, ఓమ్నీ లాంటి బండ్లలో స్లో, ఫాస్ట్ రెండే ఉన్నవాళ్లు ఎప్పటినుంచో అడుగుతున్నది ఇదే: కొత్త కార్లలోలాగా ఒకసారి తుడిచి, కాసేపు ఆగి, మళ్లీ తుడిచేలా పెట్టుకోవచ్చా? ఆ గ్యాప్‌ని మనమే నాబ్‌తో మార్చుకోవచ్చా?

పెట్టుకోవచ్చు. సోల్డరింగ్ కొంచెం వచ్చి, మల్టీమీటర్ వాడటం తెలిస్తే ఒక ఆదివారం పని. అయితే వీడియో చూసి స్లో వైరుకి టైమర్ తగిలించేసి, ఫ్యూజ్ కాల్చుకుని వచ్చేవాళ్లే ఎక్కువ. అందుకే వైరు కోసే ముందు చేయాల్సిన పని గురించి ఇక్కడ ఎక్కువగా రాస్తున్నాను.

ఈ పద్ధతిలో నియమం ఒక్కటే. స్లో, ఫాస్ట్ వైర్లని ముట్టుకోకూడదు. మీరు పెట్టిన టైమర్ నడిరోడ్డు మీద చచ్చిపోయినా, జోరువానలో కంపెనీ ఇచ్చిన రెండు స్పీడ్లూ మామూలుగా పనిచేయాలి.

## 1. మీ బండికి ఇది పనికొస్తుందా?

పనికొచ్చేవి:

- 12 వోల్టుల బ్యాటరీ, రెండు స్పీడ్ల వైపర్ మోటారు ఉన్నవి.
- ఆఫ్ చేస్తే బ్లేడ్లు తమంతట తాము కిందకి వచ్చి ఆగేవి.
- స్టీరింగ్ పక్కనున్న స్విచ్ నుంచి కరెంటు నేరుగా మోటారుకి వెళ్లేవి.

పనికిరానివి:

- వైపర్ స్విచ్ ముందు ఏదో కంప్యూటర్ డబ్బాకి సిగ్నల్ ఇచ్చి, ఆ డబ్బా మోటారుని నడిపే కొత్త కార్లు.
- ఒకే స్పీడు ఉన్న బాగా పాతకాలపు మోటార్లు. వాటిలో అయస్కాంతానికి బదులు ఫీల్డ్ కాయిల్ ఉండొచ్చు, వైరింగ్ వేరేలా ఉంటుంది. కింద రాసింది యథాతథంగా చేయకండి.

ఒకవేళ మీ మోడల్‌లోనే పై వేరియంట్‌కి ఇంటర్మిటెంట్ (ఆగి ఆగి తుడిచే ఏర్పాటు) ఉంటే, ముందు దాని స్విచ్, రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్) దొరుకుతాయేమో స్పేర్ షాపులో అడగండి. గ్యాప్ మార్చుకునే వీలు లేకపోయినా, కొందరికి అది చాలు.

విదేశాల్లో రెండో తరం, మూడో తరం ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్, జెట్టా నడిపేవాళ్లకైతే ఈ తంటా లేదు. 19 నంబరు రిలే తీసి 99 నంబరుది పెడితే, స్విచ్‌ని ఒకసారి వేసి, ఆపి, మళ్లీ వేసేదాకా ఎంతసేపు ఆగారో అదే గ్యాప్‌గా గుర్తుపెట్టుకుంటుంది.

## 2. బ్లేడ్లు కిందకి వచ్చి ఎలా ఆగుతాయి?

ఇది తెలియకుండా వైరు కోయకండి.

మోటారు గేర్ డబ్బాలో ఒక చిన్న పార్కింగ్ స్విచ్ ఉంటుంది. బ్లేడ్లు కింద లేనంతసేపూ అది పార్కింగ్ వైరుకి 12 వోల్టులు ఇస్తుంది. కిందకి రాగానే అదే వైరుని ఎర్త్‌కి, అంటే బ్యాటరీ నెగటివ్‌తో కలిసిన బండి బాడీకి, కలుపుతుంది.

స్టీరింగ్ దగ్గరి స్విచ్‌ని ఆఫ్‌లో పెడితే, లోపల స్లో వైరూ పార్కింగ్ వైరూ ఒకదానికొకటి కలుస్తాయి. బ్లేడ్లు మధ్యలో ఉంటే పార్కింగ్ వైరులోని కరెంటు స్లో వైరు ద్వారా మోటారుని కిందిదాకా తిప్పుతుంది. కిందకి చేరగానే మోటారు రెండు కొనలూ ఎర్త్‌లో పడి, బ్రేకు వేసినట్టు ఆగిపోతుంది.

అంటే ఆఫ్‌లో ఉండి, బ్లేడ్లు కింద పడుకుని ఉన్నప్పుడు స్లో వైరు నేరుగా ఎర్త్‌లో ఉన్నట్టే లెక్క. ఆ సమయంలో టైమర్ నుంచి దానికి 12 వోల్టులు ఇస్తే అది పచ్చి షార్ట్. ఫ్యూజ్ పోయేది అందుకే.

మనం చేసేది వేరు. పార్కింగ్ వైరుని మధ్యలో కోసి అక్కడ ఐదు పిన్నుల రిలే పెడతాం. రిలే ఊరికే ఉన్నప్పుడు వైరు కోయనట్టే ఉంటుంది. టైమర్ దాన్ని ఒక్క క్షణం లాగినప్పుడు ఎర్త్ తెగి, స్విచ్ వైపుకి 12 వోల్టులు వెళ్తాయి. మోటారు కదిలి పార్కింగ్ స్థానం దాటుతుంది. రిలే వదిలేశాక మిగతా ఊపంతా పార్కింగ్ స్విచ్చే పూర్తిచేస్తుంది. స్విచ్ స్లోలోనో ఫాస్ట్‌లోనో ఉంటే పార్కింగ్ వైరు ఎటూ తెగే ఉంటుంది కాబట్టి, నాబ్ ఆపడం మరచిపోయినా నష్టం లేదు.

## 3. ముందు ఉన్న వైపర్ బాగుందా?

- అద్దం తడిపి స్లోలో నడపండి. అన్ని ఊపులూ ఒకే వేగంతో ఉండాలి.
- పది సార్లు వేర్వేరు చోట్ల ఆఫ్ చేయండి. ప్రతిసారీ కిందకే వచ్చి ఆగాలి.
- వైపర్ చెయ్యి పట్టుకుని మెల్లగా ఊపండి. లూజుగా ఆడితే లింకేజీ బుష్‌లు అరిగాయి.
- ఫ్యూజ్ పెట్టె తెరిచి వైపర్ ఫ్యూజ్ కాళ్లు నల్లబడ్డాయేమో చూడండి.

రెండో పరీక్షలో ఒక్కసారి తప్పినా ముందుకెళ్లకండి. గేర్ డబ్బా మూత తీసి పార్కింగ్ కాంటాక్టులు శుభ్రం చేయించండి, ఎండిపోయిన గ్రీజు మార్పించండి. ఇంటర్మిటెంట్ పూర్తిగా ఆ కాంటాక్టుల మీదే ఆధారపడుతుంది.

## 4. కావాల్సిన సామాను

ఎలక్ట్రానిక్స్ విడిభాగాలు హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలోనో, చెన్నై రిచీ స్ట్రీట్‌లోనో, మీ ఊళ్లో టీవీ రిపేరు సామాను అమ్మే షాపులోనో దొరుకుతాయి. రిలే, వైరు మాత్రం ఆటో ఎలక్ట్రికల్ షాపులో కొనండి.

టైమర్ బోర్డుకి:

- 555 ఐసీ (టైమర్ చిప్) ఒకటి, దానికి 8 పిన్నుల సాకెట్
- రెసిస్టర్లు (కే అంటే కిలో ఓం): 22కే, 68కే, 1కే ఒక్కోటి, 100 ఓం అర వాట్‌ది ఒకటి
- 470కే పాట్ (నాబ్‌తో తిప్పి మార్చుకునే రెసిస్టర్), వెనక ఆన్-ఆఫ్ స్విచ్ ఉన్నది, లీనియర్ రకం
- కెపాసిటర్లు: 47 మైక్రోఫారడ్ 25 వోల్ట్, 100 మైక్రోఫారడ్ 25 వోల్ట్, 0.01 మైక్రోఫారడ్
- డయోడ్లు: 1ఎన్ 4148 ఒకటి, 1ఎన్ 4007 రెండు, 15 వోల్టుల 1 వాట్ జీనర్ ఒకటి
- బీడీ 139 ట్రాన్సిస్టర్
- డాట్ బోర్డు ముక్క, చిన్న ప్లాస్టిక్ డబ్బా

బండి వైపు:

- 12 వోల్టుల 30 లేదా 40 ఆంపియర్ల ఐదు పిన్నుల రిలే, వైర్లున్న సాకెట్‌తో
- 1.5 చదరపు మిల్లీమీటర్ల ఆటో వైరు (మోటారు కరెంటుకి), 0.5ది (టైమర్‌కి)
- 1 ఆంపియర్ ఫ్యూజ్, హోల్డర్‌తో
- హీట్ ష్రింక్ స్లీవులు, జిప్ టైలు

రిలే కొనేటప్పుడు కౌంటర్ దగ్గరే మీటర్ పెట్టి చూడండి. ఐదు పిన్నులుంటే చాలు, ఏ రిలే అయినా పనికొస్తుందనుకోకండి. పిన్నుల పక్కన నంబర్లుంటాయి: 85, 86 కాయిల్‌వి, 30, 87, 87ఎ కాంటాక్టులవి. కొన్నింట్లో మధ్య పిన్ను మీద కూడా 87 అనే ఉంటుంది. మనకు మధ్య పిన్ను 87ఎ అయ్యుండాలి. రిలే ఊరికే ఉన్నప్పుడు 30కీ మధ్య పిన్నుకీ బీప్ రావాలి. రాకపోతే అది వేరే రకం, వెనక్కి ఇచ్చేయండి.

ఇండికేటర్ ఫ్లాషర్ పెడితే చాలదా అని కూడా అడుగుతుంటారు. చాలదు. అది నిమిషానికి 60 నుంచి 120 సార్లు కొట్టుకునేలా తయారైంది.

## 5. వైర్లు గుర్తుపట్టడం

రంగులు నమ్మకండి. పాత బండిలో ఇప్పటికే ఎవరో ఒక ఎలక్ట్రీషియన్ చెయ్యి పెట్టి ఉంటాడు. ఒకే మోడల్‌లో కూడా సంవత్సరాన్ని బట్టి రంగులు మారొచ్చు.

స్టీరింగ్ కింది ప్లాస్టిక్ కవర్ విప్పితే వైపర్ స్విచ్ నుంచి వచ్చే కప్లర్ (వైర్లన్నీ కలిసే ప్లగ్గు) కనిపిస్తుంది. కప్లర్ ఊడదీయకుండా, వెనక వైపు నుంచి గుండుసూది దూర్చి పరీక్షించండి. మీటర్ కంటే చిన్న బల్బున్న 12 వోల్టుల టెస్టర్ మంచిది. దాని క్లిప్పు ఎర్త్‌కి పెట్టండి. వైపర్ చేతులు పైకి లేపి ఉంచితే అద్దం గీసుకుపోదు. లేవకపోతే అద్దం తడుపుతూ ఉండండి.

ఇగ్నిషన్ ఆన్ చేసి ఒక్కో వైరూ చూడండి:

- ఫీడ్ వైరు: స్విచ్ ఎక్కడున్నా వెలుగుతుంది. ఇగ్నిషన్ తీస్తే ఆరిపోతుంది.
- స్లో వైరు: స్లోలో పూర్తి వెలుగు. ఆఫ్‌లో, బ్లేడ్లు కిందకి వచ్చాక, ఏమీ ఉండదు.
- ఫాస్ట్ వైరు: ఫాస్ట్‌లో పూర్తి వెలుగు. మిగతా సమయాల్లో మీటర్ అయితే కొంత వోల్టేజీ చూపించవచ్చు. అది తిరిగే మోటారు పుట్టించేదే, కంగారు పడకండి.
- వాషర్ వైరు: నీళ్ల బటన్ నొక్కినప్పుడే.
- పార్కింగ్ వైరు: మనకు కావాల్సింది ఇదే.

పార్కింగ్ వైరుని పట్టుకోవడం ఇలా. స్విచ్ స్లోలో ఉంచి, టెస్టర్‌తో ఆ వైరుని తాకండి. బల్బు వెలుగుతూనే ఉండి, బ్లేడ్లు కిందకి వచ్చిన ప్రతిసారీ ఒక్క క్షణం ఆరి మళ్లీ వెలుగుతుంది. ఇంకే వైరూ ఇలా చేయదు.

ఖాయం చేసుకోవడానికి మరో పరీక్ష. బ్యాటరీ నెగటివ్ తీసేసి, కప్లర్ ఊడదీసి, స్విచ్ వైపు పిన్నుల మీద కంటిన్యూటీ చూడండి. ఆఫ్‌లో స్లో పిన్నుకీ పార్కింగ్ పిన్నుకీ బీప్ రావాలి. స్లోలో పెడితే బీప్ పోవాలి. ఈ రెండు పరీక్షలూ ఒకే వైరుని చూపిస్తేనే కత్తెర తీయండి.

అన్నీ తిరగబడి కనిపిస్తే? ఆఫ్‌లో ఉన్నా స్లో వైరు మీద 12 వోల్టులు ఉండి, స్లోలో పెట్టగానే సున్నాకి పడితే, మీ బండి స్విచ్ ఎర్త్ వైపు పనిచేసే రకం. దాంట్లో మోటారుకి 12 వోల్టులు ఎప్పుడూ ఉంటాయి, స్విచ్ ఎర్త్ ఇస్తుంది. టెస్టర్ బల్బు కూడా పార్కింగ్ వైరు మీద బ్లేడ్లు కిందకి వచ్చినప్పుడు మాత్రమే వెలుగుతుంది. అలాంటి బండికి ఒక్కటే మార్పు: రిలే 87 పిన్నుకి 12 వోల్టులకు బదులు ఎర్త్ ఇవ్వాలి.

## 6. టైమర్ బోర్డు కట్టడం

సోల్డరింగ్ అస్సలు రానివాళ్లు ఆన్ టైం, ఆఫ్ టైం విడివిడిగా పెట్టుకునే 12 వోల్టుల సైకిల్ టైమర్ మాడ్యూల్ కొనుక్కోవచ్చు. దాని మీదున్న బుల్లి రిలేని మోటారుకి కాకుండా, మన పెద్ద రిలే కాయిల్‌ని నడపడానికి మాత్రమే వాడండి. నాకైతే అది నచ్చదు. వానలో డ్రైవ్ చేస్తూ బుల్లి బటన్లు నొక్కడం కంటే నాబ్ తిప్పడమే క్షేమం.

కరెంటు దారి ముందు. ఫీడ్ వైరు నుంచి 1 ఆంపియర్ ఫ్యూజ్, అక్కడి నుంచి పాట్ వెనకున్న స్విచ్, తర్వాత 1ఎన్ 4007 (గీత ఉన్న వైపు బోర్డుకి). అక్కడ రెండుగా చీలుతుంది: ఒకటి రిలే 86కి, రెండోది 100 ఓం మీదుగా 555కి. 100 ఓం తర్వాత జీనరూ 100 మైక్రోఫారడ్ కెపాసిటరూ ఎర్త్‌కి కలపండి. జీనర్ గీత పాజిటివ్ వైపు ఉండాలి.

ఇక 555 పిన్నులు:

1. పిన్ 1 ఎర్త్‌కి. పిన్ 8, పిన్ 4 పాజిటివ్‌కి.
2. పిన్ 2, పిన్ 6 కలిపేయండి. అక్కడి నుంచి 47 మైక్రోఫారడ్ ఎర్త్‌కి, మైనస్ కాలు ఎర్త్ వైపు.
3. పాజిటివ్ నుంచి పిన్ 7కి 22కే.
4. పిన్ 7 నుంచి పిన్ 6కి 68కే, పాట్ ఒకదాని వెనక ఒకటి.
5. పిన్ 7 నుంచి పిన్ 6కి 1ఎన్ 4148 కూడా. గీత పిన్ 6 వైపు.
6. పిన్ 5 నుంచి 0.01 మైక్రోఫారడ్ ఎర్త్‌కి.
7. పిన్ 3 నుంచి 1కే మీదుగా బీడీ 139 బేస్‌కి. ఎమిటర్ ఎర్త్‌కి, కలెక్టర్ రిలే 85కి.
8. రిలే 85, 86 మధ్య రెండో 1ఎన్ 4007. గీత 86 వైపు.

బీడీ 139 మీద అక్షరాలు మీ వైపు ఉంటే ఎడమ నుంచి కుడికి ఎమిటర్, కలెక్టర్, బేస్. దాని బదులు చేతిలో ఉంది కదా అని బీసీ 547 పెట్టకండి. రిలే కాయిల్ సుమారు 150 మిల్లీ ఆంపియర్లు లాగుతుంది, 547 తట్టుకునేది 100 మాత్రమే.

ఈ విలువలతో రిలే ఒకసారికి సుమారు 0.8 సెకను లాగి పడుతుంది. గ్యాప్ సుమారు 2 సెకన్ల నుంచి 17 సెకన్ల దాకా మారుతుంది. 22కే లాగే సమయాన్ని, 68కే-పాట్ జంట గ్యాప్‌ని నిర్ణయిస్తాయి. డయోడ్ ఆ రెండింటినీ విడదీస్తుంది. అది లేకపోతే గ్యాప్ పెంచిన కొద్దీ రిలే లాగే సమయమూ పెరిగి, వైపర్ వరసగా చాలా ఊపులు ఊగుతుంది.

పాట్‌కి మూడు కాళ్లు. మధ్యదీ, ఒక చివరిదీ వాడండి. ఏ చివరిదంటే, నాబ్ క్లిక్‌మని ఆన్ అవగానే గ్యాప్ ఎక్కువగా ఉండి, కుడికి తిప్పేకొద్దీ తగ్గేది. వాన పెరిగితే నాబ్ పెంచుతారు, చేతికి అదే సహజం.

## 7. టేబుల్ మీద పరీక్ష

బండిలో పెట్టకముందే 12 వోల్టుల బ్యాటరీతో నడపండి. రిలే టక్ మని లాగి, దాదాపు వెంటనే వదలాలి. గడియారం పెట్టుకుని గ్యాప్ కొలవండి.

తర్వాత బ్యాటరీ ప్లస్ 87కి ఇచ్చి, 30కీ ఎర్త్‌కీ మధ్య పాత హెడ్‌లైట్ బల్బు కట్టండి. 55 వాట్ల బల్బు నాలుగున్నర ఆంపియర్ల దాకా లాగుతుంది, వైపర్ మోటారుకి అది మంచి నకలు. పావుగంట నడిచాక రిలే, ట్రాన్సిస్టర్ ముట్టుకోండి. గోరువెచ్చగా ఉంటే పర్వాలేదు, చెయ్యి పెట్టలేకపోతే కనెక్షన్ ఎక్కడో తప్పింది.

## 8. బండిలో కలపడం

బ్యాటరీ నెగటివ్ తీసేయండి. స్టీరింగ్‌లో ఎయిర్‌బ్యాగ్ ఉన్న బండి అయితే ఈ పని తెలిసిన ఎలక్ట్రీషియన్‌కే వదిలేయండి.

1. కప్లర్ నుంచి కనీసం నాలుగు అంగుళాలు వదిలి పార్కింగ్ వైరుని కోయండి. దగ్గరగా కోస్తే రేపు అతకడానికి వైరు మిగలదు.
2. స్విచ్ వైపు కొనని రిలే 30కి కలపండి.
3. మోటారు వైపు కొనని 87ఎకి కలపండి.
4. ఫీడ్ వైరు నుంచి 1.5 వైరు తీసి 87కి ఇవ్వండి. టైమర్‌కి కరెంటు కూడా ఇదే ఫీడ్ నుంచి.
5. బోర్డు ఎర్త్‌ని డాష్ కింద బాడీ బోల్టుకి, పెయింట్ గీకి, లగ్గుతో బిగించండి.

12 వోల్టులు ఇంకెక్కడి నుంచో తీసుకుంటే పని సులువని బ్యాటరీ వైరుకో, స్టీరియో వైరుకో తగిలించకండి. బ్యాటరీ నుంచి ఇస్తే తాళం తీశాక కూడా వైపర్ తిరుగుతుంది. వేరే ఫ్యూజ్ నుంచి ఇస్తే, ఒక ఫ్యూజ్ పోయినప్పుడు కరెంటు వెనక దారిలో వచ్చి, ఏది చెడిపోయిందో ఎవరికీ అంతుపట్టదు.

వైరు మీద నొక్కేసే క్లిప్పు కనెక్టర్లు వద్దు. మెలిపెట్టి, సోల్డర్ చేసి, స్లీవ్ ఎక్కించండి. రిలేని పిన్నులు కిందకి ఉండేలా బిగించండి. పాత బండ్లలో అద్దం రబ్బరు నుంచి నీళ్లు కారడం మామూలే, సాకెట్‌లో నీళ్లు నిలవకూడదు. డబ్బా, వైర్లు పెడళ్లకీ స్టీరింగ్ రాడ్‌కీ తగలకుండా కట్టేయండి. నాబ్ ఎక్కడ పెట్టాలన్నది మీ ఇష్టం, స్టీరింగ్ మీంచి చెయ్యి చాపితే అందాలి, అంతే.

## 9. తొలి పరీక్ష

అద్దం బాగా తడిపి, ఈ వరసలోనే చూడండి:

☐ నాబ్ ఆఫ్. స్లో, ఫాస్ట్, పార్కింగ్ మూడూ మునుపటిలాగే ఉన్నాయి.
☐ నాబ్ ఆన్, స్విచ్ ఆఫ్. ఒక ఊపు, విరామం, మళ్లీ ఒక ఊపు.
☐ నాబ్ ఆన్‌లోనే ఉంచి స్లో, ఫాస్ట్ వేస్తే ఆగకుండా తిరుగుతోంది.
☐ ఊపు మధ్యలో నాబ్ ఆపితే బ్లేడ్లు కిందకే వచ్చాయి.
☐ 1 ఆంపియర్ ఫ్యూజ్ పీకేసినా స్లో, ఫాస్ట్, పార్కింగ్ బాగానే ఉన్నాయి.
☐ ఇగ్నిషన్ తీశాక నాబ్ తిప్పితే రిలే చప్పుడు లేదు.

నాబ్ వేయగానే వచ్చే మొదటి ఊపు ఒక్కోసారి రెండుగా రావచ్చు. కెపాసిటర్ ఖాళీ నుంచి నిండుతుంది కాబట్టి ఆ ఒక్కసారికి రిలే కొంచెం ఎక్కువసేపు లాగుతుంది. అది లోపం కాదు.

## 10. తేడా వస్తే ఎక్కడ చూడాలి

నాబ్ తిప్పగానే వైపర్ ఫ్యూజ్ పోతోంది. 30, 87ఎ తారుమారయ్యాయి. రిలే లాగినప్పుడు 12 వోల్టులు స్విచ్ వైపు పోకుండా, ఎర్త్‌లో ఉన్న పార్కింగ్ కాంటాక్టులోకి పోతున్నాయి. వైర్లు మార్చకుండా పెద్ద ఫ్యూజ్ వేస్తే కాలేది వైరింగ్.

రిలే టక్ మంటోంది, బ్లేడ్లు కదలవు. 87 దగ్గర 12 వోల్టులు ఉన్నాయా చూడండి. ఉంటే, కోసిన వైరు పార్కింగ్‌ది కాదు. 5వ భాగానికి (వైర్లు గుర్తుపట్టడం) వెళ్లండి.

బ్లేడ్లు ఒక్క జర్కు ఇచ్చి అక్కడే ఆగుతున్నాయి. రిలే లాగే సమయం చాలడం లేదు. 22కే బదులు 27కే, అదీ చాలకపోతే 33కే వేయండి. బ్లేడ్లు పైదాకా వెళ్లి మధ్యలో ఆగుతుంటే మాత్రం కారణం పార్కింగ్ కాంటాక్టులో, 87ఎ లేని రిలేనో.

ప్రతిసారీ రెండు ఊపులు. సమయం ఎక్కువైంది. 22కే తీసి 18కే పెట్టండి.

నాబ్ ఆపినా స్లోలో తిరుగుతూనే ఉంది. రిలే కాంటాక్టులు అతుక్కున్నాయి. దారిలో ఉంటే రిలే పీకేయండి. స్లో, ఫాస్ట్ పనిచేస్తాయి, ఆపినప్పుడు బ్లేడ్లు ఎక్కడున్నవి అక్కడే ఆగుతాయి. వాటిని కిందకి తేవాలంటే బ్లేడ్లు కిందకి వస్తున్న క్షణం చూసి స్విచ్ ఆపాలి.

గ్యాప్ ఒక్కోసారి ఒక్కోలా ఉంటోంది. ముందు ఎర్త్ బోల్టు, తర్వాత పాట్. పాట్‌లో దుమ్ము చేరితే నాబ్ తిప్పేటప్పుడు గ్యాప్ ఎగిరెగిరి పడుతుంది. కాంటాక్ట్ క్లీనర్ కొట్టి నాలుగుసార్లు అటూ ఇటూ తిప్పండి. అయినా తగ్గకపోతే 47 మైక్రోఫారడ్ కెపాసిటర్ మార్చండి. ఎండలో పార్క్ చేసే బండిలో డాష్ కింద వేడికి ముందు పాడయ్యేది అదే, కొనేటప్పుడు 105 డిగ్రీలని రాసున్నది అడగండి.